తెర తీయకముందు తీర్పు

కుందవరమని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మహీధరదేవుడు మంచివాడే గానీ, తన ఎంపికను ఎవరైనా తప్పంటే మాత్రం ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. పెద్ద న్యాయాధికారి కాలం చేశాక ఆ పీఠానికి రాజు నృసింహ వాచస్పతి అనే పండితుణ్ణి ఎంచాడు. వాచస్పతికి ధర్మశాస్త్రాలన్నీ కంఠతా వచ్చు. వచ్చని పదిమందికీ చెప్పుకోవడం ఇంకా బాగా వచ్చు.

పీఠం ఎక్కకముందే ఆయన ఒక మాట చాటించాడు. మగవాడిగా పుట్టి ఆడదానిలా బతికేవారికి ఆస్తిలో వాటా లేదట, వాళ్ళ సాక్ష్యం సాక్ష్యమే కాదట.

ఆ మాటతో అద్దకం వీధిలో పుట్టిన సూరన్నకి ప్రాణం లేచొచ్చింది. అతని తోడబుట్టిన మాణిక్యం అలాంటి మనిషే. ఊహ తెలిసినప్పటి నుంచీ చీరే కట్టింది. తల్లి మంచాన పడితే ఏడేళ్ళు ఎత్తి, కడిగి, తినిపించింది. ఆ తల్లి పోతూ పోతూ ఇరుగుపొరుగుని పిలిచి, ఇంటినీ, పెరట్లో బట్టలకు రంగు వేసే నీలి తొట్టినీ మాణిక్యానికే అప్పగించింది. పొరుగూళ్ళో కాపురమున్న సూరన్న కర్మకు మాత్రం వచ్చాడు. ఇప్పుడు వాచస్పతి అండ చూసుకుని, తలారిని వెంటబెట్టుకొచ్చి ఇంటికి తాళం వేయించాడు. నీలి తొట్టిని రోజూ కలియబెట్టాలి. వారం రోజులు ముట్టుకోకపోతే రంగు చచ్చిపోతుంది. దాంతోపాటే మాణిక్యం కూడూ పోతుంది.

ఈ సంగతి ఆస్థాన హాస్యగాడు కొండుభొట్లు చెవిన పడింది. కిందటి దసరా కొలువుకి రంగు వేసిన పట్టు తెచ్చి, రాజుకి ఇచ్చి వెళుతున్న మాణిక్యం వెనకాలే తుంటి ఊపుకుంటూ నడిచి చూపించినవాడు అతనే. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. మాణిక్యం వెనక్కి తిరిగి చూసిందో లేదో ఆ రోజు అతను గమనించనైనా లేదు. ఇప్పుడది తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మీ ఎంపిక తప్పు మహారాజా అంటే పని జరగదు. అందుకని భొట్లు రాజును వేరే దారిన పట్టుకున్నాడు. తాతగారి కాలంలో కొత్త న్యాయాధికారి పీఠమెక్కే రోజున తెర వెనక కూర్చుని ఒక తగువు తీర్చేవారని, రాయసం రాసేవాడు విన్నపాలను పేర్లు లేకుండా చదివేవాడని, తీర్పు తాటాకు మీద రాసి ముద్ర వేశాకే తెర తీసేవారని గుర్తు చేశాడు. అంతటి పండితుడికి ఆ ముచ్చట జరగకపోతే వెలితి కదా అన్నాడు. రాజు సంబరపడ్డాడు. వాచస్పతి అంతకన్నా సంబరపడ్డాడు.

ఆ రోజు వచ్చింది. తెర కట్టారు. ఒక బిడ్డ తల్లిని ఏడేళ్ళు సాకిందని, ఇంకో బిడ్డ కర్మకు వచ్చి ఇల్లు పట్టుకున్నాడని, భొట్లు ముందే అందించిన విన్నపాన్ని రాయసం రాసేవాడు చదివాడు. వాచస్పతి గొంతు సవరించుకుని, మూడు గ్రంథాలు ఏకరువు పెట్టి, తెర వెనక నుంచి తీర్పు చెప్పాడు.

"తల్లిని సాకిన బిడ్డదే ఇల్లు. రెండోవాడు ఆ గడప తొక్కితే దొంగే."

సభ భళీ అంది. తాటాకు మీద ముద్ర పడింది. తెర తీశారు. ఎదురుగా నీలం అంటిన చేతులు జోడించి మాణిక్యం నిలబడి ఉంది.

వాచస్పతి మొహం మాడిపోయింది. ఈ తీర్పు చెల్లదన్నాడు. విన్నపంలో అబద్ధమేమైనా దొరికిందా అని భొట్లు వినయంగా అడిగాడు.

"మాట సంగతి కాదయ్యా, మనిషి సంగతి."

"అయితే తమరి ధర్మం తెర ఉన్నంతసేపే నిలుస్తుందన్నమాట," అన్నాడు భొట్లు. "మహారాజా, ఈయనకి పీఠం ఇస్తే ఆ తెర కూడా ఇచ్చెయ్యండి. జన్మంతా కట్టుకుని తిరుగుతారు."

రాజుకి నవ్వు ఆగలేదు. వాచస్పతి రోషంతో లేచాడు. "నాకు నీతులు చెప్పేది ఎవరు? దసరా కొలువులో ఈ మనిషి వెనకాల తుంటి ఊపిందెవరు? చూసి నవ్విందెవరు?"

సభలో నవ్వు తెగిపోయింది. రాజు కిందికి చూశాడు. భొట్లు నాలుక చివర పది జవాబులు ఆడాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"నేనే ఊపాను," అన్నాడు. "నా బుద్ధి అలాంటిది కాబట్టే, మహారాజా, ఆ పీఠం నేనెన్నడూ అడగలేదు."

అని మాణిక్యం వైపు తిరిగి చేతులు జోడించాడు. తప్పయిపోయిందమ్మా అన్నాడు.

"ఆ రోజు నేను చూశాను బాబూ," అంది మాణిక్యం. "తడిబట్టల మూటలు, ఆ తర్వాత మా అమ్మ, అన్నీ ఈ ఎడమ తుంటి మీదే మోశాను. అందుకే ఆ నడక. మీరు కుడి తుంటి ఊపారు."

రాజు పక్కున నవ్వాడు. నవ్వుతూనే ఉత్తరీయంతో మొహం కప్పుకున్నాడు. తర్వాత వాచస్పతిని ఇంటికి పంపి, ఇకమీద పీఠమెక్కే ప్రతివాడూ తెర వెనక కూర్చోవలసిందేనని శాసనం రాయించాడు. భొట్లుకి జరీ శాలువా, మాణిక్యానికి ఇంకో శాలువా తెప్పించాడు.

"శాలువా తర్వాత ప్రభూ," అంది మాణిక్యం. "ముందు తాళం తీయించండి. తొట్టికి ఇవాళ ఆరో రోజు."

తలారి దగ్గర తాళంచెవి తీసుకుని తానే వెళతానన్నాడు భొట్లు. శాలువా సభలోనే వదిలేశాడు. మాణిక్యం ముందు నడిచింది. బజారు పొడుగునా జనం చూస్తుండగా ఆమె వెనకాల అతను నడిచాడు. ఎంతమంది నడకలనో అలవోకగా నడిచి చూపించిన మనిషికి, ఆ పూట తన కాళ్ళు ఎలా వెయ్యాలో తెలియలేదు.