ఒండ్రు లేవనంది

ఒకప్పుడు రాళ్ళ లోపల ఏమీ ఉండేది కాదు. ఏ రాయి పగలగొట్టినా లోపలా రాయే. ముందు ఎవరు బతికారో, ఎవరు పోయారో చెప్పే గుర్తు భూమి మీద ఒక్కటైనా మిగిలేది కాదు.

ఆ రోజుల్లో కొండకి చాలామంది కూతుళ్ళు. పెద్దది నది. తర్వాతవాళ్ళంతా ఒండ్రులు. ఒండ్రంటే తెలుసుగా, వరదలో కొట్టుకొచ్చే మెత్తటి మట్టి. నదిని సముద్రుడికిచ్చి పెళ్ళి చేశారు. అక్క కాపురానికి బయల్దేరితే, చెల్లెళ్ళలో ఒకతె ఆమె కొంగు పట్టుకుని తనూ వచ్చేసింది. ఈ కథ ఆ ఒండ్రుది.

ఆ పిల్లకి కుదురన్నది లేదు. అల లేస్తే లేస్తుంది, సుడి తిరిగితే తిరుగుతుంది. ఇప్పుడు నాచు దగ్గరుంటే మరి కాసేపటికి తిమింగలం కడుపు కింద ఉంటుంది. ఎందుకమ్మా అంటే "ఊరికే, చూద్దామని!" అంటుంది.

"కాలు గాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు? ఆడపిల్లవి, ఒక మూల కూర్చోలేవూ?" అనేవాడు పీత. పీత సముద్రుడి కొలువులో బంట్రోతు.

"కూర్చుంటాలే పీతన్నా. ముందు నువ్వు తిన్నగా నడు, చూసి నేర్చుకుంటా" అనేది ఒండ్రు.

పీతే కాదు, రొయ్య అనేది, జెల్లచేప అనేది, చివరికి ఏ రోజూ ఒకచోట నిలవని సముద్రుడూ అనేవాడు, "కుదురుగా కూర్చో మరదలా" అని. మగవాడి తిరుగుడుకి షికారని పేరు, ఆడదాని తిరుగుడుకి తెగులని పేరు. సముద్రంలోనూ అంతే.

సముద్రుడికి శుభ్రం పిచ్చి. పోటుకి ఇల్లంతా చిమ్మేవాడు, ఆటుకి ఎత్తిపోసేవాడు. ఎవరు చచ్చినా వాళ్ళ ఎముకా, చిప్పా, పొలుసూ అలల మధ్య వేసి నూరి పిండి చేసేవాడు. "నా ఇల్లు అద్దంలా ఉండాలి. పోయినవాళ్ళ సామాను నా గడపలో కనపడకూడదు" అనేవాడు.

నూరేముందు మాత్రం ఒక ఆచారం ఉండేది. తిమింగలం పోతే అలలన్నీ తలలు వంచుకుని నిలబడాలి. ఆయనగారి పొడుగెంత, ఆయన మింగిన చేపలెన్ని, తాతగారి మీసాలెలా ఉండేవి, అంతా పీత గొంతెత్తి చదవాలి. ఆ తర్వాత ఆయన్నీ నూరేవారనుకోండి, కాస్త మర్యాదగా నూరేవారు. అదే ఏ గుల్లో పోతే, పీత ఒక డెక్క ఎత్తి "ఏదో పోయింది" అనేవాడు. అంతే.

గుల్లంటే ఒంటి మీద గూడు కట్టుకుని పాకే నత్త. ఒండ్రుకి ఒక ముసలి గుల్లతో స్నేహం. ఒండ్రు కాసేపైనా ఆగేది ఆమె దగ్గరే.

గుల్లకి ఆ ఇంటిని ఎవరూ కట్టివ్వలేదు. పుట్టినప్పుడు ఆవగింజంత గది. ఒళ్ళు పెరిగినకొద్దీ ముందుకో గది, దానిముందు మరో గది, మెలి తిప్పుకుంటూ తనే కట్టుకుంది. నోట సున్నం ఊరించి, పక్కనున్న మెలికలకి సరిపోయేలా అద్ది, ముసలితనం దాకా కడుతూనే ఉంది.

ఒక రోజు గుల్ల పిలిచింది. "ఒసే ఒండ్రూ, నాకు అవసానం దగ్గర పడిందే."

"ఛ, అదేం మాట గుల్లక్కా?"

"చావంటే భయం లేదే. ఈ ఇంటి గురించే నా బాధ. జన్మంతా కట్టాను. రేపు నేను పోగానే మీ బావ పిండి చేసేస్తాడు. ఇలాంటిదొకతె ఉండేది, ఇంత ఇల్లు తనే కట్టుకుంది అని తలుచుకునేవాళ్ళుండరు. నాకు పొగడ్తలొద్దు. ఇల్లొక్కటీ నిలబడితే చాలు. దాస్తావా?"

ఒండ్రు వెనకా ముందూ చూడలేదు. "దాస్తా" అంది.

తెల్లారేసరికి గుల్ల వాకిట తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు.

"ఏదో పోయింది!" అని అరిచాడు పీత.

అల వచ్చేలోగా ఒండ్రు గుల్ల ఇంటిని ఒళ్ళో వేసుకుని పరుగెత్తింది. ఆ పిల్లకి తెలిసిన విద్య అదొక్కటే మరి. కష్టమొస్తే పరుగెత్తడం.

"ఏమే మరదలా, ఒళ్ళో ఏంటది?" వెనకనుంచి సముద్రుడి కేక.

"ఏం లేదు బావా! నీ నీళ్ళే!"

నాచుల్లోంచి దూరింది. బండల మీదుగా దూకింది. సుడుల్లో గిర్రున తిరిగింది. అలలు వెంట పడ్డాయి. రొప్పుతూ ఒకచోట ఆగి ఒడి విప్పి చూసుకుంది. గుల్ల ఇంటి అంచు విరిగిపోయింది. మీది గీతలు అరిగిపోయాయి. ఒళ్ళో ఒక చిటికెడు తెల్లటి పిండి.

ఈ పిండి సముద్రుడు చేసింది కాదు. తన పరుగు చేసింది.

అప్పుడర్థమైంది ఒండ్రుకి. పరుగెత్తితే ఇల్లు నిలవదు. ఇల్లు నిలవాలంటే తను నిలవాలి. నిలవడమా? ఒక చోటా? రేపు కొత్త వరదొస్తే? పగడాల దిబ్బల అవతల తను ఇంకా చూడని నీళ్ళున్నాయే, వాటి మాట?

అల దగ్గరకొచ్చేసింది. ఆలోచనకి టైము లేదు. ఒండ్రు సముద్రపు అడుగున, గుల్ల ఇంటి మీద, ఒళ్ళంతా పరిచి చతికిలబడింది.

పీత పక్కవాటుగా పరుగెత్తుకొచ్చాడు. "లే! ఇక్కడ ఊడవాలి!"

"ఇన్నాళ్ళూ కూర్చో కూర్చో అన్నారుగా. కూర్చున్నా. ఇక లేవను."

"మేమన్నది ఇలా కూర్చోమని కాదే!"

"ఎలా కూర్చోవాలో కూడా మీరే చెప్పాలా అన్నా?"

సముద్రుడు వచ్చాడు. మొదట బుజ్జగించాడు. "మరదలా, ఒక్క నత్త చిప్ప కోసం ఇంత గొడవా? లే, నీకు ముత్యాల దండ చేయిస్తా."

"ముత్యం చేసేది కూడా ఓ ఆల్చిప్పే కదా బావా. నువ్వు చేయించేదేముంది?"

తర్వాత కోప్పడ్డాడు. తర్వాత కొట్టాడు. ఒక్కో దెబ్బకి ఒండ్రు ఒంటి మీది పొర లేచిపోయేది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే గుల్ల ఇల్లు బయటపడేదే. ఒండ్రుకి లేచి పారిపోవాలని కాళ్ళు తహతహలాడుతున్నాయి. పళ్ళు బిగబట్టి కూర్చుంది.

అప్పుడే అక్క నది కొత్త వరదతో వచ్చింది. చెల్లెలి ఒళ్ళు చూసింది. తన కొంగులో ఉన్న మిగతా చెల్లెళ్ళని అక్కడే దులిపింది.

"ఏంటక్కా, ఏం చేస్తున్నావిక్కడ?" అన్నారు వాళ్ళు ఒండ్రుతో.

"కూర్చున్నా. మీరూ కూర్చోండి."

వాళ్ళు ఆమె మీద కూర్చున్నారు. వాళ్ళ మీద మరుసటి వరదకి వచ్చినవాళ్ళు కూర్చున్నారు. సంగతి తెలిసి చచ్చిపోబోయే చేపలొచ్చాయి. కొండమీదినుంచి కొట్టుకొచ్చిన ఆకొకటి అడిగింది, "నాకూ కాస్త చోటుందా?"

"సర్దుకోండమ్మా, సర్దుకోండి!" అంది ఒండ్రు.

సముద్రుడు ఎంత బాదితే వాళ్ళు అంత దగ్గరగా జరిగారు. ఇన్నాళ్ళూ ఆయన నూరిపోసిన గుల్లల పిండి ఉందే, ఆ తెల్లటి సున్నం, అది వాళ్ళ సందుల్లోకి ఇంకి అందర్నీ అతికేసింది. పేరు లేకుండా పోయినవాళ్ళంతా పేరు నిలపడానికి సున్నమయ్యారు.

ఒండ్రుకి ముందు కాళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత నడుము. ఒక సాయంత్రం పైన ఎక్కడో కొత్త నీళ్ళ హోరు వినపడింది. ఆ హోరులో కలవాలని ప్రాణం లాగేసింది. "ఒక్కసారి వెళ్ళొస్తే?" అనుకుంది. కదలబోయింది. కదలలేకపోయింది. గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, గుల్ల ఇంటిని ఇంకాస్త అదుముకుంది. అలాగే రాయైపోయింది.

సముద్రుడు అలిగాడు. "నా ఇంట్లో నా మాట చెల్లకపోతే నేనే పోతా!" అని నీళ్ళన్నీ మూట కట్టుకుని దూరంగా జరిగిపోయాడు. పాపం, నది ఇప్పుడు మొగుడి దగ్గరకి వెళ్ళాలంటే అంత దూరం నడవాలి.

ఆయన ఖాళీ చేసిన చోట గడ్డి మొలిచింది. అడవి పెరిగింది. ఎంతకాలమో గడిచాక మనుషులొచ్చారు. వాళ్ళలో ముత్తెయ్య, అతని పెళ్ళాం గంగులు నీళ్ళకోసం బావి తవ్వుతున్నారు. గంగులు గునపం దెబ్బకి ఒక రాయి పుస్తకంలా రెండుగా విచ్చుకుంది. లోపల అంచు విరిగిన ఒక మెలికల ఇల్లు.

"ఎవడో మంచి పనివాడు చెక్కాడే!" అన్నాడు ముత్తెయ్య.

గంగులు వేలితో ఆ మెలికల వెంట లోపలి దాకా వెళ్ళింది. "చెక్కడమేంటయ్యా? చూడు, లోపలి గది ఎంత చిన్నదో, బయటికొచ్చేకొద్దీ ఎంత పెద్దదో. పుట్టినకాడ్నించి కట్టుకుంటా వచ్చింది. ఎవత్తో గానీ, గట్టి మనిషి!"

రాయి లోపల ఎవరో సన్నగా నిట్టూర్చినట్టనిపించింది ఆమెకి. గాలేమో అనుకుంది.

చదువుకున్నవాళ్ళు ఆ తర్వాత వీటికి పేర్లు పెట్టారు. ఎక్కడో దూరదేశపు పాత భాష మాట తెచ్చి 'ఫాసిల్' అన్నారు, అంటే 'తవ్వి తీసింది' అని. పోనీ, చేతుల కష్టాన్నయినా తలుచుకున్నారు. మనవాళ్ళు మాత్రం 'శిలాజం' అన్నారు, అంటే రాతికి పుట్టిందట! కట్టుకున్నది గుల్ల, ఒళ్ళో దాచింది ఒండ్రు, ఇంటిపేరు మాత్రం రాతిది. మన ఇళ్ళల్లో మటుకు ఇంకోలా ఉందా ఏం?

అప్పటినుంచే రాళ్ళ లోపల గుల్లలూ చేపలూ ఆకులూ ఉంటున్నాయి. సముద్రానికి ఎంతో దూరాన, కొండల మీద కూడా. అడిగితే ఇవ్వదు ఒండ్రు, కేకలేస్తే అసలే ఇవ్వదు. వంగి, ఓపిగ్గా, చేతులకి మట్టి అంటించుకుని తవ్వినవాళ్ళకే ఒడి విప్పి చూపిస్తుంది.