నేలను తన్నిన కుందేలు

అనగనగా ఒక అడవిలో రాజు ఒక్కడే, పెద్దలు మాత్రం ముగ్గురు. కొండకొకరు, ఏటిగట్టుకొకరు, మైదానానికొకరు. అడవి పొలిమేర కాపలా సింహరాజుది. ఇళ్ల సంగతి మాత్రం ఎక్కడికక్కడి పెద్దల చేతిలోనే. అదీ కట్టుబాటు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. సభలో మాట నచ్చినవాళ్లు కాలితో నేలను తన్నాలి. చప్పుడుకు నేల దద్దరిల్లితే ఆ మాటే శాసనం.

ఒక ఏడు కొండ మీది బొరియల్లో కొండచిలువ దూరింది. దొరికినవాళ్లను దొరికినట్టు మింగేసింది. అడవంతా హడలిపోయింది. సభలో నక్క గొంతు చించుకుంది.

"బొరియలుంటే పాములొస్తాయి! అడవిలో బొరియలన్నీ పూడ్చేయండి!"

అందరూ నేలను తన్నారు. మైదానం నుంచి వచ్చిన పుల్లమ్మ అనే కుందేలుకు గుండె జారిపోయింది. భయమేస్తే కుందేలు కాలు ఊరుకుంటుందా? అదీ ధనాధన్ తన్నేసింది.

"ప్రజల మాటే నా మాట. పూడ్చేయండి!" అన్నాడు సింహరాజు.

అప్పుడు గుర్తొచ్చింది పుల్లమ్మకు. తన ముగ్గురు పిల్లలు బొరియలోనే ఉన్నారు. ఇంకా కళ్లయినా తెరవలేదు. మట్టి తోసే ఎలుగుబంట్లు అప్పటికే బయలుదేరాయి.

పుల్లమ్మ పరుగున మైదానం పెద్ద అడవిదున్న దగ్గరికి వెళ్లింది.

"తాతా! మన దగ్గర కొండచిలువ లేదు, గద్దల బెడదే ఉంది. బొరియ లేకపోతే పిల్లల్ని ఎక్కడ దాచుకోను?"

"మరి నువ్వెందుకు తన్నావమ్మా?"

"భయమేసి తన్నాను తాతా."

అడవిదున్న నిట్టూర్చాడు. "ఇళ్ల సంగతి నాదే. కానీ నా ఒక్కడి మాట రాజు చెవికెక్కదు. మనవాళ్లను పిలుచుకురా."

ముళ్లపంది, "నేనొస్తే నక్క నన్ను పాముల చుట్టం అంటుంది" అని లోపలికి దూరింది. ఉడుము, "చూద్దాంలే" అంది. ఎలుక మాత్రం ఏడుస్తూ వెంట వచ్చింది. ఎలుకను చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే కదిలారు.

అంతా సింహరాజు ముందు నిలబడ్డారు. పుల్లమ్మ నోరు తెరిచింది. "దొరా, కొండవాళ్ల బొరియలు కొండవాళ్లను పూడ్చుకోనివ్వండి. మా ఇళ్లు మాకు వదిలెయ్యండి."

మైదానం మైదానమంతా నేలను తన్నింది. సింహరాజు చెవులు రిక్కించాడు. "సరే. ఎవరి బొరియల మాట వాళ్లదే," అన్నాడు.

పుల్లమ్మ ఇంటికి పరుగెత్తింది. బొరియ నోరు కనబడలేదు. కొత్త మట్టి కనబడింది. గోళ్లు ఊడేలా తవ్వింది. ఇద్దరు పిల్లలు ఎగశ్వాసతో బయటపడ్డారు. చిన్నది మాత్రం కదల్లేదు.

ఎవరిని తిట్టగలదు పుల్లమ్మ? నేలను తన్నిన కాళ్లలో తన కాలూ ఉంది.

నీతి: భయంలో నలుగురితో పాటు ఔనన్న మాట మన గుమ్మానికే వస్తుంది. మన ఇంటి సంగతి మన నోటితో ముందే చెప్పాలి.