దివానుగారి శుభ్రమైన మట్టి

శుచివర్మ దివాను అయ్యాక రాజుగారి తోటలో మట్టికి కూడా స్నానం తప్పలేదు. మట్టిని తవ్వించి, కడిగించి, మూకుళ్లలో వేయించి మరీ వంగనారు నాటించాడు. నాలుగాకులు వేయకముందే వేరుకుళ్లు తగిలి మొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

కూలికొచ్చిన నాంచారికి చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. తన చేని గట్టు మట్టిని పేడనీళ్లలో కలిపి ఒక మూల మొక్కలకు పోసింది. ఆ మూల ఒక్కటే పచ్చగా లేచింది.

దివాను మెచ్చుకోలేదు సరికదా, తోటలో అశుద్ధం పోసిందంటూ ఆమెను సభకు ఈడ్పించి, దేశం నుంచి వెళ్లగొట్టమన్నాడు.

"ఏం పోశావే?" అన్నాడు రాజు.

"తోడు వేశాను దొరా. మట్టిలో కంటికి కనపడని ప్రాణాలేవో వేళ్లను కాచుకుని ఉంటాయి. దివానుగారు వాటినీ వేయించేశారు."

"కనపడనివి ఉన్నాయని ఎలా నమ్మడం? అశుద్ధం అశుద్ధమే!" అని దివాను గర్జించాడు.

"అయితే మీ వంటవాణ్ణి కూడా నాతో వెళ్లగొట్టండి దొరా. శుభ్రంగా కాచిన పాలలో రోజూ నిన్నటి పులిసిన పెరుగు కలుపుతున్నాడు."

పెరుగన్నం లేనిదే ముద్ద దిగని రాజు పకపకా నవ్వి, తోట పెత్తనం నాంచారికి ఇచ్చాడు. దివానుకు మాత్రం ఆనాటి నుంచి పెరుగు మాన్పించి, ఆయన వేయించిన మట్టిలో కాసిన వంకాయలే వడ్డించమన్నాడు.

దివానుగారి విస్తరి ఎప్పుడూ మహా శుభ్రంగా ఉండేది.