పక్కన నిలబడేవాళ్లు

గౌరీశుకి ఇంగ్లీషు క్రియలతో పెద్ద పేచీ వచ్చిపడింది.

టీచరు పరీక్షకి కట్టాడు. పొద్దున్నే సన్యాసయ్య మాస్టారి అరుగు మీద గ్రామర్ పాఠం, సాయంత్రం అదే అరుగు మీద బుర్రకథ సాధన. మాస్టారు బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవారు. కథ చెప్పడానికి నిలబడ్డారంటే చుట్టుపక్కల ఊళ్లు కదిలొచ్చేవి. ఆయన తంబురాతో మధ్యలో ఉంటే, డక్కీలు వాయిస్తూ ఇటు గౌరీశు, అటు పోలినాయుడు వంత పాడేవారు.

ఓ పొద్దున పాఠం మధ్యలో గౌరీశు అడ్డుపడ్డాడు. "'కొట్టాడు' అంటే, ఎవర్ని అని అడుగుతాం. దానికి కర్మ కావాలి. 'పిల్ల నిద్రపోయింది' అంటే ఇక అడిగేదేం లేదు. 'ఆమె తెలివైనది' అనాలంటే ఇంగ్లీషులో 'ఈజ్' వచ్చి ఆమెనీ తెలివినీ ముడేస్తుంది. ఇంతవరకూ బుర్రకెక్కింది మాస్టారూ. కానీ ఈ హెల్పింగ్ వెర్బులేంటండీ? పని చేసేది ఇంకోటి. ఇవి ఊరికే పక్కన నిలబడి ఏం ఉద్ధరిస్తాయంట?"

మాస్టారు పుస్తకం మూసి వాడి మొహంలోకి చూశారు.

"నీ పేచీ వెర్బులతోనేనట్రా?"

అంతే, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. "ఎన్నాళ్లని నన్ను తందాన తాన అనమంటారు? కథ మీది, చప్పట్లు మీవి. వచ్చే జాతరలో తంబురా నాకివ్వండి. లేదంటే దళం మానేస్తాను."

అమ్మో, గురువు ముందు ఎంత మాట! మాస్టారు మాత్రం "సాయంత్రం రా" అని లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం తంబురా తెచ్చి ఆయనే వాడి భుజానికి తగిలించారు. వాడి డక్కీ తాను తీసుకున్నారు. పోలినాయుడికి ఏదో సైగ చేశారు. ఎప్పట్లాగే ఎదురింటి ఆడవాళ్లు చింతపండు పిక్కలు తీసుకుంటూ వినడానికి చేరారు.

గౌరీశు గొంతెత్తాడు. కోట చుట్టూ శత్రువులు, లోపల ఒంటరి రాణి. మంచి గొంతే. చరణం ముగించి, వంత అందుకుంటారని ఆగాడు. ఇద్దరిలో ఎవరూ ఉలకలేదు, పలకలేదు. ఊపిరి తీసుకునే వ్యవధి లేక మళ్లీ తనే అందుకున్నాడు. "అప్పుడు రాణి ఏం చేసిందో తెలుసా?" అని పక్కకి తిరిగాడు. 'ఏం చేసింది?' అని అడిగే నాథుడు లేడు. గొంతు పెంచాడు, గెంతాడు, చెమటలు కక్కాడు. ఆడవాళ్లు మళ్లీ చింతపండులో పడ్డారు. ఒకావిడ ఆవలించింది. పాపం, కోటలో రాణికన్నా ఒంటరివాడైపోయాడు.

అప్పుడు డక్కీ మోగింది.

"ఆహా! తరవాతేమైంది నాయనా?" అన్నారు మాస్టారు. పోలినాయుడు తందాన తాన ఎత్తుకున్నాడు. గౌరీశు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. కోట తలుపులు తెరుచుకున్నాయి, రాణి గుర్రమెక్కింది. ఆడవాళ్ల చేతుల్లో చింతపండు అలాగే ఉండిపోయింది.

కథ ముగిసేసరికి అరుగు ముందు ఒకటే చప్పట్లు. గౌరీశు తంబురా దించబోతే మాస్టారు ఆపారు.

"ఉండనీ. జాతరలో కథ నువ్వే చెప్పు. నీ పక్కన నేను నిలబడతాను."

"మీరా? నాకు వంతా?" వాడు సిగ్గుతో చచ్చిపోయాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా అడిగాడు.

"మాస్టారూ, రేపు ఆ హెల్పింగ్ వెర్బుల పాఠం మొదట్నించీ చెబుతారా?"

మాస్టారు డక్కీ తాళ్లు బిగించుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"చెప్పేశానుగా."