తేడా రాని నలభై రోజులు

దాదా ఖలందర్‌కు గురువుగారి అనుమతి కావాలి. మూడు ట్రంకుపెట్టెల నిండా ఉన్న మందుచీటీలను తగలబెట్టేద్దామని అతని కోరిక.

గుట్ట మీద ఆ గురువుగారు, హజ్రత్ మస్తాన్‌అలీ గారి ఖాన్‌కా ఉంది. అంటే ఆశ్రమం లాంటిదే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాలుగు వందల పన్నెండు మంది రోగులు అక్కడికి ఉచిత మందుల కోసం వస్తారు. నెలకోసారి డాక్టరు వచ్చి చూసి చీటీ రాస్తాడు. ఆ చీటీ చూసి శిష్యులు పొట్లాలు కట్టి గురువారం నాడు పంచుతారు.

ఖలందర్ శిష్యుడిగా చేరాక చీటీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్సెల్‌లో మనిషికో వరస, మందుకో గడి. కంప్యూటర్ చెడిపోతే ఎలా అని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ. రోజూ తెల్లవారి నమాజు కాగానే ఆ రెండిటినీ పోల్చి చూసేవాడు. తేడా ఉంటే ఆ గడి ఎర్రబడుతుంది. నలభై రోజులైనా ఒక్క గడీ ఎర్రబడలేదు. మిగతా శిష్యులు నలభై రోజులు ఉపవాసంతో చిల్లా దీక్ష పాటిస్తే, మనవాడు ఎక్సెల్‌తో పాటించాడన్నమాట. కాస్త గర్వం కూడా వచ్చింది. రాదా మరి!

"చీటీలకు చెదలు పడుతున్నాయి హజ్రత్. ఇంక వాటితో పనేముంది? ఈ వారం పొట్లాలు కూడా లిస్టు చూసే కట్టేశాం. అసలు ఫైలూ, కాపీ అచ్చం ఒకటే."

"అట్లనా!" హజ్రత్ చాప మీద ముందుకు జరిగారు. డెబ్బై ఏళ్లు దాటినా కొత్త వస్తువు కనిపిస్తే ఆయనకు మనసు నిలువదు. "ఎట్ల చూస్తావు నాయనా? నాకూ చూపించు."

ఖలందర్ ఉత్సాహంగా చూపించాడు. "ముందు ఈ రోజు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాను. పాతది పోయి దాని చోట కొత్తది వస్తుంది. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి పోలుస్తాను."

"ఎక్కించినాక పోలుస్తావు."

"అవును హజ్రత్."

"మంచిది. నేను యాడున్నా ఇందులో?"

హజ్రత్‌కు చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు. ఖలందర్ ఆయన పేరున్న వరస చూపించాడు. ఇన్సులిన్, పొద్దున పద్నాలుగు యూనిట్లు. హజ్రత్ కళ్లద్దాలు సర్దుకుని ఆ గడిని చాలాసేపు చూశారు. అంకె తప్పు పడితే ఎట్ల దిద్దుతారని అడిగి అదీ నేర్చుకున్నారు. ఆ తర్వాత "రవ్వంత చాయ్ పట్టుకురా" అని పంపించారు. ఖలందర్ చాయ్ తెచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు.

"పెట్టెల సంగతి రేపు చూద్దాంలే" అన్నారు.

మర్నాడు బుధవారం. నమాజు కాగానే ఖలందర్ ఎప్పటిలాగే ఫైలు ఎక్కించాడు, పోల్చాడు. ఎరుపు లేదు.

"కలిసిందా నాయనా?"

"మొత్తం కలిసింది హజ్రత్."

హజ్రత్ చొక్కా చేయి పైకి మడిచారు. "అయితే సూది వెయ్యి. రోజూ మాదిరి అలవాటు కొద్దీ కాదు. లిస్టు చూసి వెయ్యి."

ఖలందర్ లిస్టు చూశాడు. ముప్పై నాలుగు యూనిట్లు. పెన్‌డ్రైవ్‌లో చూశాడు. అక్కడా ముప్పై నాలుగే. సిరంజి అతని చేతిలోనే ఉండిపోయింది. అంత మందు ఎక్కిస్తే ఈ ముసలి ప్రాణం మధ్యాహ్నందాకా నిలవదు.

"హజ్రత్, ఇది తప్పు."

"రెండూ కలిసినాయంటివే?"

"కలిశాయి. కానీ తప్పు. మీకు పద్నాలుగే."

"నీకెట్ల తెలుసు?"

"రోజూ ఈ చేత్తోనే కదా వేస్తున్నాను!" ఖలందర్ సిరంజి పక్కన పెట్టేశాడు. భయంతో పాటు కోపం కూడా వచ్చింది. "నిన్న నేను చాయ్‌కి వెళ్లినప్పుడు మీరే మార్చారు. మార్చిందే పొద్దున కాపీలోకి వెళ్లింది. ఇంక ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది?"

"నా లెక్క నీ చేతికి తెలుసు" అన్నారు హజ్రత్, చాపిన చేయి వెనక్కి తీసుకోకుండా. "పద్నాలుగు వెయ్యి."

సూది వేశాక ఖలందర్ నేరుగా పోయి ట్రంకుపెట్టెలు తెరిచాడు. చెదలు దులిపి ఒక్కో చీటీ తీసి, లిస్టులో ఒక్కో వరస మీద వేలు పెట్టి చదువుతూ కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. గురువారానికి కట్టిన పొట్లాలు ఆ పక్కనే గోనెసంచుల్లో ఉన్నాయి.

పొద్దు వాలేవేళకు రెండు చీటీలు పట్టుకుని హజ్రత్ దగ్గరికి పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మీరు మార్చినవి ఇంకో రెండు దొరికాయి హజ్రత్! మూర్ఛ వచ్చే ఓబుళమ్మకు డాక్టరు రెండు పూటలా మాత్ర రాశాడు, లిస్టులో ఒక్క పూటే ఉంది. గుండెజబ్బు హుసేన్‌పీరాకు రాసింది సగం మాత్ర, లిస్టులో పై వరసవాడి రెండు మాత్రలు ఇతనికీ పడ్డాయి. నన్ను పరీక్షించడానికి బాగానే దాచారు."

హజ్రత్ ఆ రెండు చీటీలూ తీసుకుని వెలుతురుకేసి తిప్పి, శ్రద్ధగా చదివారు. తిరిగి శిష్యుడి చేతిలో పెట్టారు.

"నేను మార్చింది నాదొక్కటే నాయనా."