రాతి మీద చోటు

కొమ్మెరపూడి రాజు వీరకంపరాయలకు ఉన్నట్టుండి ఒక దిగులు పట్టుకుంది. పక్క రాజ్యంలో ఏడు తరాల రాజవంశం కూలిపోయిందని వేగులు చెప్పిన రోజు నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. కొలువులో కనబడ్డ ప్రతివాణ్ణీ ఒకటే అడిగాడు.

"మా వంశం ఎప్పుడు పడిపోతుంది?"

ఆస్థానకవి జటావల్లభుడు లేచాడు. సూర్యచంద్రులున్నంత కాలం మీ వంశం ఉంటుందనీ, అందుకే మీ వంశకీర్తిని శాసనంగా చెక్కించి కోట వాకిట గోడకు ఆనించి పాతించాననీ చెప్పాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. తాంబూలం అందించే తిప్పన ఉద్యోగం మీద ఆయనగారి కన్ను, బావమరిదికి ఇప్పించుకోవాలని. అందుకని తిప్పన కూడా జవాబు చెప్పాలనీ, చెప్పలేకపోతే పళ్లెం దించి ఇంటికి పోవాలనీ పట్టుబట్టాడు. రాజు సరేనన్నాడు.

పాపం, తిప్పన ఇరుకున పడ్డాడు. పడుతుందంటే తల పోతుంది. పడదంటే కవి చెప్పిందే చెప్పినట్టవుతుంది. ఆ రాయి చూస్తేగానీ చెప్పలేనన్నాడు.

అందరూ వాకిటికి వెళ్లారు. నిలువెత్తు రాయి. రాజును చదవమన్నాడు తిప్పన. నాలుగు కోటలు గెలిచిన తాతగారికి ఒక వరుస. రెండు చెరువులు తవ్వించిన తండ్రిగారికి మూడు వరుసలు. అక్కణ్ణుంచి నేల దాకా రాయలవారి బిరుదులే, యాభై రెండు వరుసలు. అందులో 'అడవిపందుల గండడు' అని కూడా ఉంది. ఆ బిరుదు తెచ్చిన వేటలో పరుగెత్తింది పంది కాదని రాజ్యమంతా ఎరుగును.

"బాగానే ఉంది కదోయ్" అన్నాడు రాజు.

"దివ్యంగా ఉంది ప్రభూ. రేపు యువరాజావారి పేరు ఎక్కడ చెక్కించమంటారో చూపించండి."

రాజు వెతికాడు. పైన లేదు, పక్కన లేదు. అడుగునేమైనా మిగిలిందేమోనని మోకాళ్ల మీద కూలబడి, చెంప మట్టికి ఆనించి మరీ చూశాడు. కిరీటం ఊడి దుమ్ములో దొర్లింది. తిప్పన దాన్ని అందుకుని, పైగుడ్డతో తుడిచి ఇచ్చాడు.

"మీ పెద్దలు పని చేసి, రాతి మీద మీకు చోటు మిగిల్చారు ప్రభూ. కొడుక్కి ఆ చోటైనా మిగల్చని రాజుతో వంశం పడిపోతుంది."

ముక్కున మట్టితో రాజు ఒకసారి రాయిని చూశాడు, ఒకసారి కవిని చూశాడు. ఆ తరవాత కడుపు పట్టుకుని నవ్వాడు. తన చేతి బంగారు కడియం తీసి తిప్పన చేతికి తొడిగాడు. ఆ రాయి చెక్కిన శిల్పిని పిలిపించి, అతని దగ్గర ఉలీ సుత్తీ అందుకుని జటావల్లభుడి చేతిలో పెట్టాడు.

"మాకు రెండు వరుసలు చాలు. తక్కిన యాభై నువ్వే చెరుపు."