గాదిలింగప్ప తాటాకులు

మెమరీ కార్డు ఎన్నిసార్లు తీసి పెట్టినా లాప్‌టాప్ ఒకటే మాట చెబుతోంది. ఇది ఖాళీ, ఫార్మాట్ చెయ్యాలా?

చెన్నవీరయ్య పొద్దుటి నుంచి మఠం వసారాలో దాని ముందే కూర్చుని ఉన్నాడు. తుంగభద్ర గట్టున ఉన్న చిన్న మఠం అది. పల్లెల్లో మిగిలిన తాటాకు గ్రంథాలను వెతికి, ఫోటోలు తీసి, లాప్‌టాప్‌లో దాచడం అతని పని. మఠంలో ఆ విద్య తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

కార్డులో నూటపన్నెండు ఆకుల బొమ్మలున్నాయి. గొర్రెలకొచ్చే రోగాలూ, వాటి మందులూ రాసిన ఆకులు. గాదిలింగప్ప అనే గొర్రెలకాపరి వాళ్ళ తాత రాసిపెట్టినవి. ఫోటోలు తీసిన కెమెరా అరువుకు తెచ్చినది. అప్పుడే తిరిగి ఇచ్చేశారు.

ఆకులుంటే మళ్ళీ తీసుకోవచ్చు. ఆకులు లేవు.

పురుగు పట్టిన గ్రంథం ఇంట్లో ఉండరాదు, ఏట్లో విడవాలి అని వాళ్ళ ఇంటి ఆచారం. గాదిలింగప్ప వెనకాడుతుంటే చెన్నవీరయ్యే ధైర్యం చెప్పాడు. "అన్నీ ఈ కార్డులోకి వచ్చేసినాయి లింగప్పా. నిశ్చింతగా గంగలో కలుపు."

అరవై దాటిన మనిషి నడుంలోతు నీళ్ళలోకి దిగి, ఒక్కో ఆకునూ కళ్ళకద్దుకుని వదిలాడు. అది మొన్నటి మాట.

చెన్నవీరయ్య లాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ పెట్టాడు. డ్రైవరు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాడు. సెట్టింగులన్నీ వెతికాడు. ఎక్కడా తప్పు కనపడలేదు.

పూజ ముగించుకుని రుద్రముని స్వామి వసారాలోకి వచ్చాడు. శిష్యుడి మొహం చూసి అరుగు మీద కూర్చున్నాడు.

"కార్డు చచ్చిపోయింది స్వామీ."

"ఎవరు చెప్పారు?"

"ఇదే చెబుతోంది. ఖాళీ అంటోంది."

"ఏం చేస్తావు?"

"అంతా తుడిచి ఫార్మాట్ కొడతాను. ఆ తర్వాత, పోయినవాటిని వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. వస్తే వస్తాయి."

"రాకపోతే లింగప్పకి ఏం చెబుతావు?"

"చెప్పినా ఆయనకేం తెలుస్తుంది స్వామీ? ఉన్నా చదవలేడు." చెన్నవీరయ్య గొంతు విసురుగా లేచింది. "తాత రాత తనే చదువుకుంటానని వచ్చాడు. మీరు చెప్పారని మూడు నెలలుగా అక్షరాలు దిద్దిస్తున్నాను. ఇప్పటికీ అ, ఆ తేడా ఎక్కలేదు. గీస్తే పలకైనా పట్టుకుంటుంది. ఆయన తల ఉత్త ఖాళీ. ఒప్పుకుంటే ఈ రోజుతో పాఠం ఆపేస్తాను."

"నేనొచ్చేదాకా దేన్నీ నొక్కకు" అని స్వామి లేచి వంటింటి వైపు వెళ్ళాడు.

వంటింట్లో ఈరమ్మ పప్పు మెదుపుతోంది. ఆమె పక్కన గూట్లో చిన్న రేడియో తత్వాలు పాడుతోంది. కార్డు పెడితే పాడే రేడియో.

"ఈరమ్మా, నీ రేడియో ఒక్క ఘడియ ఇవ్వు."

"ఇప్పుడేంటికి సామీ? పాట సగంలో ఉంది, పప్పూ సగంలో ఉంది."

"రెండూ యాడికీ పోవులే."

"మీ శిష్యుడి చేతికి మాత్రం ఇయ్యొద్దు. పోయినేడు మిక్సీ బాగుచేస్తానని తీసకపోయి, నాకు మూత తిరిగిచ్చినాడు."

స్వామి పాడుతున్న రేడియోను అలాగే వసారాలోకి తెచ్చాడు. చెన్నవీరయ్య ఎదుట నిలబడి, దాని కార్డు లాగాడు. పాట మాట మధ్యలో తెగింది.

"ఇది పెట్టు."

చెన్నవీరయ్య తన కార్డు తీసి, ఆ కార్డు పెట్టాడు. లాప్‌టాప్ కాసేపు ఆలోచించింది. ఇది ఖాళీ, ఫార్మాట్ చెయ్యాలా?

"ఏమంటోంది?"

"ఖాళీ అంటోంది స్వామీ."

స్వామి ఆ కార్డు తీసుకుని రేడియోలో పెట్టాడు. రేడియో పాట అందుకుంది.

"అయ్యో, మళ్ళీ మొదటికొచ్చింది!" అని వంటింట్లోంచి ఈరమ్మ అరిచింది.

చెన్నవీరయ్య లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, పక్కకు తిప్పి, కార్డు దూర్చే సందును ఎండకు పట్టి చూశాడు.

లోపల తెల్లగా ఉంది.

రోజూ స్నానం చేసి వచ్చి, పని మొదలుపెట్టే ముందు లాప్‌టాప్ మూత మీద మూడు వేళ్ళతో విభూతి పెట్టడం అతని నియమం. అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు, సరిగ్గా సందు ఉన్న అంచు దాకా. ఏడాదిగా ఒక్క రోజు తప్పలేదు. ఇంకెవర్నీ దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

అతను వంగి, ఊదడానికి నోరు తెరిచాడు.

"ఆకు మీద ఊదకండి, తడి తగులుతుందని ఊరందరికీ చెబుతావే" అన్నాడు స్వామి.

చెన్నవీరయ్య నోరు మూసుకున్నాడు. స్వామి గోడ గూట్లోంచి ఆకుల దుమ్ము దులిపే మెత్తని కుంచె తీసి ఇచ్చాడు.

సందును కిందికి వంచి దులుపుతుంటే, పళ్ళెంలోకి చిటికెడు బూడిద రాలింది. పుల్లకు దూది చుట్టి, ఒక్క చుక్క స్పిరిట్ అద్ది, లోపలి రేకులను తాకీ తాకనట్టు తుడిచాడు. ఆరనిచ్చాడు. అంతసేపూ స్వామి అరుగు మీదే కూర్చుని, పక్కన రేడియో పాడుతుంటే వింటున్నాడు.

లాప్‌టాప్ తెరిచి తన కార్డు పెట్టాడు చెన్నవీరయ్య.

మొదటి ఆకు వచ్చింది. మధ్యలో తాడు దూర్చిన చిల్లు, పురుగు తిన్న దారి, దాని పక్కనుంచి తప్పుకుంటూ పోయిన నల్లటి అక్షరాలు. తర్వాత రెండోది. నూటపన్నెండూ వచ్చాయి.

అతను అన్నిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. నమ్మకం చాలక ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాడు. అప్పుడు కుంచె తుడిచి స్వామికి ఇవ్వబోయాడు.

స్వామి అందుకోలేదు. రేడియో చేత్తో పట్టుకుని లేచాడు.

"నీ దగ్గరే ఉండనీ నాయనా. దానికి ఇంకా పనుంది."

ఎండ నడినెత్తికొచ్చింది. గొర్రెలు మఠం ప్రహరీ నీడన పడుకున్నాయి. అవి అలా పడుకున్నంతసేపే గాదిలింగప్ప పాఠం. గొంగడి మడిచి భుజాన వేసుకుని, చెప్పులు బయట వదిలి, పలకతో వచ్చాడు. వసారా మెట్టు దగ్గరే ఆగాడు.

"సామీ, నా ఆకులు దాంట్లో ఉండాయా?"

"ఉన్నాయి తాతా. పొద్దున నాకే కనపడలేదు" అన్నాడు చెన్నవీరయ్య.

గాదిలింగప్ప దగ్గరికొచ్చి తెర చూశాడు. తన తాత వేలు నడిచిన చోట తన వేలు పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తన చోట కూర్చుని, పలక మోకాలి మీద పెట్టుకుని, తిట్లకు సిద్ధమైనవాడిలా తల వంచాడు.

చెన్నవీరయ్య పీట మీద నుంచి దిగి, నేల మీద అతని పక్కన కూర్చున్నాడు.

"తాతా, మందలో నీ గొర్రెలేవో ఎట్లా పోల్చుకుంటావు?"

"చెవి చూసి. చెవికి గాటు పెడతాం గదా. ఇంటికొక గుర్తు."

"గీసి చూపించు."

గాదిలింగప్ప అనుమానంగా చూసి, బలపం తీసుకున్నాడు. ఒక చెవి గీశాడు, అంచున ఒక గాటుతో. "ఇది మాది." ఇంకో చెవి, రెండు గాట్లతో. "ఇది మా బామ్మర్దిది." మూడో చెవి కూడా రెండు గాట్లతోనే గీసి, పలక అతని ముందుకు తోశాడు. "ఇది ఎవురిది?"

"మీ బామ్మర్దిది."

"కాదు. బాగా చూడు."

చెన్నవీరయ్య పలకను వెలుతురుకు తిప్పాడు. అతనికి రెండు చెవులూ ఒకటిగానే కనపడ్డాయి.

"తేడా కనపడ్లా?" గాదిలింగప్ప మొహం మొదటిసారి విచ్చుకుంది. "మా ఆరేళ్ళ మనవరాలు చెబుతాదే సామీ!"

చెన్నవీరయ్య పలకను జాగ్రత్తగా అతని మోకాలి మీద పెట్టాడు.

"ఇంకోసారి గీయి తాతా," అన్నాడు. "నిదానంగా."